మిస్సింగ్ కొట్టే బండి

మెకానిక్ షెడ్డు తెలుగులో 'మిస్సింగ్' అనేది కొడుతుంది. ఎండ కొట్టినట్టు, కంపు కొట్టినట్టు, బండి మిస్సింగ్ కొడుతుంది. వ్యాకరణం సంగతి ఎలా ఉన్నా ఆ మాటలో వినికిడి ఉంది. సిగ్నల్ దగ్గర ఆగిన కారు సమంగా గుర్రుమంటూ ఉండి, మధ్యలో ఒక్కసారి తడబడి, స్టీరింగ్ వణికి, మళ్ళీ సర్దుకోవడం ఒక్కసారైనా విన్నవాళ్ళకి ఈ మాట వివరించక్కర్లేదు.

విననివాళ్ళ కోసం కొంచెం లెక్క. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకొకసారి మండుతుంది. నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ ఊరికే నిలబడి ఉన్న కారులో నిమిషానికి 1600 మంటలు, అంటే సెకనుకి దాదాపు 27. ప్రతి మంటకీ నాలుగు కావాలి: గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, వీటిని నొక్కి పట్టే ఒత్తిడి (షెడ్డు భాషలో కంప్రెషన్). వీటిలో ఏ ఒక్కటి సమయానికి అందకపోయినా ఆ మంట తప్పుతుంది. అదే మిస్సింగ్.

మా ఇంట్లో 2003 మోడల్ కారు ఒకటి ఉంది. నాన్న కొన్నది. కార్బొరేటర్ కాదు, ఫ్యూయల్ ఇంజెక్షన్. కొన్నాళ్ళ కిందట దానికి ఈ జబ్బు పట్టుకుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బంగారంలా నడుస్తుంది. ఇరవై నిమిషాలు తిరిగాక ఏ సిగ్నల్ దగ్గరో ఆగితే తడబాటు మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే పోతుంది. ఎనిమిది నెలల్లో మూడు షెడ్లు తిరిగాం. ప్లగ్గులు మార్చారు, ప్లగ్గు వైర్లు మార్చారు, ఇగ్నిషన్ కాయిల్ మార్చారు, ఇంజెక్టర్లు కడిగించారు. పద్నాలుగు వేలు అయ్యాయి. ఒకచోట స్కానర్ తగిలించి, "సిస్టం ఓకే సార్, ఏ కోడూ లేదు" అన్నారు. డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం కూడా వెలగలేదు.

ఇక్కడ తేలాల్సింది బండి సుఖమొక్కటే కాదు. పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు కారుకి ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. దానికి ఫిట్‌నెస్ చూస్తారు, పొల్యూషన్ సర్టిఫికెట్ అడుగుతారు. పొల్యూషన్ పరీక్ష సరిగ్గా బండి ఐడిల్‌లో ఉన్నప్పుడే గొట్టంలోంచి వచ్చే హైడ్రోకార్బన్లను కొలుస్తుంది. మండని పెట్రోలంటే హైడ్రోకార్బనే. జబ్బు తేలకపోతే కారు తుక్కుకే.

నాకు అర్థం కానిది ఒకటే. కంప్యూటర్ ఉన్న బండి తన జబ్బు తాను ఎందుకు చెప్పలేకపోయింది? దీనికి జవాబు వెతికితే, అది ఇంజినీరింగ్‌లో కన్నా చరిత్రలో ఎక్కువ దొరికింది.

*

కథ లాస్ ఏంజిలస్‌లో మొదలవుతుంది. 1940లలో ఆ ఊరిని కళ్ళు మండించే గోధుమరంగు పొగమంచు కప్పేసేది. అది ఎక్కడి నుంచి వస్తోందో తేల్చినవాడు ఆరీ హాగెన్-స్మిట్ అనే డచ్ రసాయన శాస్త్రవేత్త. కాల్‌టెక్‌లో అనాసపండు వాసన దేనివల్ల వస్తుందో పరిశోధిస్తున్న మనిషి, అదే పరికరాలతో ఊరి గాలిని పరీక్షించాడు. కార్లూ శుద్ధి కర్మాగారాలూ వదిలే మండని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఆ పొగమంచుగా మారుతున్నాయని 1950ల మొదట్లో చూపించాడు. చమురు కంపెనీలు ఒప్పుకోలేదు. ఆయనా వదల్లేదు. 1968లో కాలిఫోర్నియా గాలి వనరుల బోర్డుకి మొదటి అధ్యక్షుడయ్యాడు.

అప్పటిదాకా మిస్సింగ్ అంటే బండి సొంతదారుడి బాధ. పికప్ ఉండదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అంతే. హాగెన్-స్మిట్ తర్వాత అది ఊరందరి బాధ అయింది. ఒక సిలిండర్‌లో మండకుండా బయటికి వచ్చిన పెట్రోలు పక్కింటి పిల్లవాడి ఊపిరితిత్తులకి సంబంధించిన విషయం.

ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ నిలదొక్కుకుంది కూడా ఈ ఒత్తిడిలోనే. 1950ల చివర్లో అమెరికాలో బెండిక్స్ కంపెనీ 'ఎలక్ట్రోజెక్టర్' పేరుతో ప్రయత్నించింది. ఆనాటి ఎలక్ట్రానిక్స్ వేడికీ తేమకీ తట్టుకోలేదు. అమ్ముడుపోయిన కొద్దిపాటి కార్లలో చాలావాటికి మళ్ళీ కార్బొరేటర్లే బిగించారు. ఆ పేటెంట్ల హక్కులు తీసుకున్న జర్మన్ కంపెనీ బాష్, 1967లో డి-జెట్రానిక్‌ని ఫోక్స్‌వాగన్ 1600కి పెట్టింది. అమెరికా పొగ నిబంధనలు దాటడానికి అదొక మార్గమైంది. 1975 మోడళ్ళతో అక్కడి కార్లకి కెటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. మరుసటి ఏడాది వోల్వో కారులో, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసి పెట్రోలు పాళ్ళు సరిచేసే లాంబ్డా సెన్సార్ వచ్చింది.

కన్వర్టర్ రావడంతో మిస్సింగ్ ఇంకా ప్రమాదకరమైంది. ఇంజిన్‌లో మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి పింగాణీ తేనెపట్టు కరిగిపోతుంది. అంటే గాలిని కాపాడాల్సిన వస్తువుని ఒక చెడ్డ సిలిండర్ చంపేస్తుంది. అందుకే కాలిఫోర్నియా, బండే తన ఆరోగ్యం తాను చూసుకోవాలని పట్టుబట్టింది. 1988 మోడళ్ళ నుంచి మొదలైన తొలి దశలో కంప్యూటర్ ముఖ్యంగా తన సెన్సార్లనీ తన వైర్లనీ చూసుకునేది. తేడా ఉంటే దీపం వెలిగించేది. 1996 నుంచి అమెరికా అంతటా తప్పనిసరైన రెండో దశ, ఓబీడీ-2, అసలు పని నేర్పింది: మంట తప్పడాన్ని పట్టుకోవడం.

ఎలా పట్టుకుంటుందో తెలిశాక నాకు భలే ముచ్చటేసింది. క్రాంక్ షాఫ్ట్‌తో పాటు పళ్ళున్న చక్రం ఒకటి తిరుగుతుంటుంది. దాని పక్కనే సెన్సార్. మంట మండిన ప్రతిసారీ షాఫ్ట్ రవ్వంత వేగం పుంజుకుంటుంది. మండకపోతే ఆ తోపు ఉండదు, పళ్ళు దాటే సమయం పిసరంత పెరుగుతుంది. కంప్యూటర్ ఆ పిసరుని లెక్కపెట్టి, ఏ సిలిండర్ వంతులో జరిగిందో చూసి, కోడ్ రాసుకుంటుంది. పీ0300 అంటే ఫలానా అని చెప్పలేని మిస్‌ఫైర్. పీ0302 అంటే రెండో సిలిండర్. కన్వర్టర్‌కి ముప్పు వచ్చేంతగా ఉంటే దీపం ఆగి ఆగి మెరుస్తుంది.

*

మన దేశానికి ఈ చరిత్ర ముక్కలు ముక్కలుగా, వరస మారి వచ్చింది. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి కన్వర్టర్, దాంతో పాటు సీసం లేని పెట్రోలు వచ్చాయి. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1999 ఏప్రిల్‌లో దిల్లీ ప్రాంతానికి యూరో ప్రమాణాల గడువు పెట్టింది: ఆ జూన్ నుంచి మొదటి దశ, 2000 ఏప్రిల్ నుంచి రెండో దశ. కార్బొరేటర్‌తో రెండో దశ దాటడం కష్టం. కంపెనీలు హడావుడిగా ఇంజెక్షన్‌కి మారాయి. మన రోడ్ల మీద కార్ల వెనక 'ఎంపీఎఫ్ఐ' అనే అక్షరాలు హోదాగా కనబడిన రోజులవి. హైదరాబాద్‌తో సహా పదకొండు నగరాలకి 2005లో భారత్ స్టేజ్-3 వచ్చింది.

ఇంజెక్షన్ వచ్చింది గానీ, బండి తనని తాను గమనించుకోవాలన్న నిబంధన దాంతో రాలేదు. ఓబీడీ తొలి దశ మనకి 2010లో భారత్ స్టేజ్-4తో వచ్చింది. మిస్‌ఫైర్‌ని పట్టుకునే రెండో దశ 2013లో. అంటే సుమారు పదేళ్ళకి పైగా, పెట్రోలుని లెక్కగా పోసే కంప్యూటర్ ఉండి, మంట తప్పిందో లేదో వినాల్సిన బాధ్యత చట్టప్రకారం లేని కార్లు లక్షల్లో రోడ్డెక్కాయి. మాది వాటిలో ఒకటి. స్కానర్ చెప్పిన "సిస్టం ఓకే" అబద్ధం కాదు. దాని సెన్సార్లు బాగున్నాయి, వైర్లు బాగున్నాయి. దాన్ని అడిగింది అంతవరకే.

ఆ పదేళ్ళలో ఈ కార్లని బతికించింది షెడ్లే. కార్బొరేటర్ స్క్రూని చెవితో తిప్పి సెట్ చేసిన మనుషుల ముందు మూత తెరవడానికి వీల్లేని డబ్బా ఒకటి ప్రత్యక్షమైంది. వాళ్ళు దాని చుట్టూ దారులు వెతుక్కున్నారు. కొన్ని కార్లలో కనెక్టర్‌లోని రెండు పిన్నులని వైరు ముక్కతో కలిపితే దీపం మినుకుమంటుంది, ఆ మినుకులు లెక్కపెడితే కోడ్. ఏ సిలిండర్ పడుకుందో తెలియాలంటే ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటే పీకుతారు. దేన్ని పీకితే ఇంజిన్ శబ్దం మారదో, అదే దొంగ. ఆ సిలిండర్ ప్లగ్గుని పక్క సిలిండర్‌లో వేస్తే జబ్బు కూడా పక్కకి వెళ్ళిందా? వెళ్తే ప్లగ్గుది, లేకపోతే ఇంకా లోపల. చీకట్లో ప్లగ్గు వైర్ల మీద నీళ్ళు చల్లితే కరెంటు లీకయ్యే చోట నీలం మెరుపులు కనబడతాయి. ఇదంతా పద్ధతి ప్రకారం అనుమానించడమే. ఒక వస్తువు మార్చి, దండం పెట్టుకుని, ఇంకొకటి మార్చడం కాదు.

*

మేం చివరికి వెళ్ళిన ఉస్తాద్ బానెట్ తెరవలేదు. ముందు ప్రశ్నలు అడిగాడు.

"ఎప్పుడు కొడ్తది అన్నా? చల్లగున్నప్పుడా, గరమైనంకనా?"

"వేడెక్కాకే. ఆగి ఉన్నప్పుడే."

"రేస్ చేస్తే పోతదా?"

"పోతుంది."

కాసేపు ఆగి, "గ్యాస్ కిట్టు పెట్టిచ్చిన్రా ఎప్పుడన్న?" అన్నాడు.

పెట్టించాం. కార్లలో ఎల్పీజీ వాడకానికి 2000లో చట్టబద్ధత వచ్చాక, పెట్రోలు ధర భరించలేని మధ్యతరగతి ఇళ్ళన్నీ చేసినట్టే 2006లో నాన్న కిట్టు పెట్టించారు. ఐదారేళ్ళు నడిపి తీయించేశారు. అప్పుడు బానెట్ తెరిచాడు. ఇంజెక్టర్ కనెక్టర్లు పీకి చూస్తే రెండో సిలిండర్ అని తేలింది. కంప్రెషన్ రెండుసార్లు కొలిచాడు, చల్లగా ఒకసారి, బాగా తిప్పి తెచ్చాక ఒకసారి. చల్లగా నాలుగూ సమానం. వేడి మీద రెండోది మిగతావాటికన్నా మూడో వంతు తక్కువ. "టాపెట్ టైటైంది" అన్నాడు.

ఆ మాట వెనక వందేళ్ళ చరిత్ర ఉంది. 1921లో థామస్ మిజ్లీ పెట్రోలులో సీసం కలిపితే ఇంజిన్ నాకింగ్ పోతుందని కనిపెట్టాడు. దానితో అనుకోకుండా వచ్చిన లాభం ఇంకోటి: మండిన సీసం వాల్వు కూర్చునే చోట పల్చటి పూతలా పేరుకుని, లోహానికి లోహం తగిలి అరగకుండా కాపాడేది. సీసం విషమని, కన్వర్టర్లని చంపుతుందని తేలాక దాన్ని తీసేశారు. మన దేశమంతటా 2000కల్లా తీసేశారు. ఆ తర్వాత వాల్వు సీట్లని గట్టి లోహంతో చేయాల్సి వచ్చింది. ఎల్పీజీ ఇంకా పొడిగా మండుతుంది. గ్యాస్ కోసం తయారు కాని ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వాల్వు సీటు నెమ్మదిగా అరిగి, వాల్వు పైకి జరుగుతుంది. టాపెట్ దగ్గర ఉండాల్సిన సన్నని సందు మూసుకుపోతుంది. ఇంజిన్ వేడెక్కితే వాల్వు సాగుతుంది. సందు లేదు కాబట్టి పూర్తిగా మూసుకోదు. ఒత్తిడి కారిపోతుంది, మంట తప్పుతుంది. ఐడిల్‌లో కారిపోవడానికి సమయం ఎక్కువ, వేగంలో తక్కువ. అందుకే రేస్ చేస్తే పోయేది.

ఫీలర్ గేజ్ పెట్టి సందులు సరిచేశాడు. పొల్యూషన్ పరీక్ష దాటింది. "అరిగింది అరిగిందే అన్నా. ఇరవై వేల కిలోమీటర్లకొకసారి సూపెట్టాలె" అని చెప్పి పంపించాడు.

ఆ ఉస్తాద్ చేసింది మొదట చరిత్ర అడగడం. ప్లగ్గులూ కాయిలూ మార్చినవాళ్ళు కారుని ఆ రోజు పుట్టిన వస్తువులా చూశారు. ఈయన దాన్ని ఇరవై ఏళ్ళు ఒక ఇంట్లో, ఒక దేశంలో బతికిన వస్తువులా చూశాడు. 2006 నాటి పెట్రోలు ధర మా ఇంజిన్‌లో ఒక వాల్వు సీటు మీద అరుగుదలగా నమోదైంది. అది ఏ కంప్యూటర్ మెమరీలోనూ లేదు.

ఇవాళ్టి కార్లు ఈ జబ్బుకి పీ0302 అని కచ్చితంగా కోడ్ ఇస్తాయి. అది చాలా మేలు, ఎనిమిది నెలలు ఎనిమిది నిమిషాలవుతాయి. కానీ కోడ్ ఎక్కడో చెబుతుంది, ఎందుకో చెప్పదు. ప్లగ్గా, ఇంజెక్టరా, గాలి లీకా, వాల్వా అన్నది అప్పుడు కూడా ఎవరో ఒకరు వరసగా అడిగి తేల్చుకోవాల్సిందే. ఆ అడగడం నేర్చినవాళ్ళలో చాలామంది, చెవి ఉన్న కార్లు రాకముందు పదేళ్ళలో, చెవిలేని కార్ల మీద నేర్చుకున్నారు. ఆ కార్లు తుక్కుకి వెళ్తున్నాయి. ఉస్తాద్‌లు షెడ్లు మూసేస్తున్నారు. వాళ్ళకి తెలిసింది ఏ మాన్యువల్‌లోనూ అచ్చు కాలేదు. మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే, దాన్ని బాగుచేసే మనిషి ఇంకా ఉంటే, ఈసారి పక్కన నిలబడి ఆయన అడిగే ప్రశ్నలు రాసిపెట్టుకోండి.