ప్లాటినం ముద్రలు: సిస్‌ప్లాటిన్ హానిని కొలిచిన కథ

1845లో మిషెల్ పేరోనె అనే ఇటాలియన్ రసాయనవేత్త తయారుచేసిన పసుపుపచ్చని ప్లాటినం లవణం, నూట ఇరవై ఏళ్ళపాటు రసాయనశాస్త్రానికే పరిమితమై ఉంది. బాక్టీరియాపై విద్యుత్ ప్రభావాన్ని పరిశీలిస్తున్న మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రజ్ఞుడు బార్నెట్ రోజెన్‌బర్గ్, కణాలు విభజన చెందక దారాల్లా సాగిపోవడం గమనించాడు. కారణం విద్యుత్తు కాదు, ఎలక్ట్రోడుల నుండి కరిగిన ప్లాటినం అని 1965లో ఆయన బృందం ప్రకటించింది. ఆ పాత లవణమే సిస్‌ప్లాటిన్. 1978లో అమెరికాలో అది కాన్సర్ మందుగా ఆమోదం పొందింది.

ఈ మందులోని ప్లాటినం ఎక్కువగా డీఎన్‌ఏ పోగులో పక్కపక్కనున్న రెండు గ్వానీన్లను పట్టి బంధిస్తుంది; పోగు వంగిపోతుంది. కణం ఆ బంధాన్ని తొలగించి మరమ్మతు చేసుకోగలిగితే బతుకుతుంది, లేకుంటే చస్తుంది. మోతాదును రోగి శరీర వైశాల్యాన్నిబట్టి నిర్ణయిస్తారు. కానీ ఒకే మోతాదు తీసుకున్న ఇద్దరిలో డీఎన్‌ఏను చేరి నిలిచేది ఒకే మేరకు ఉండదు. మందు పనిచేసినా చేయకపోయినా మూత్రపిండాలకూ వినికిడికీ ముప్పు తప్పదు. ఎంత ఎక్కించామన్నది కాక, ఎంత చేరిందన్నది తెలియవలసిన అవసరం ఇక్కడ ఏర్పడింది.

1980లలో ఎడ్డీ రీడ్, మిరియం పోయిరియర్ తదితరులు ప్రతిదేహాల సాయంతో రోగుల తెల్లరక్తకణాలలో ఈ బంధాలను కొలిచారు. అవి ఎక్కువగా ఉన్న అండాశయ కాన్సర్ రోగులలో చికిత్స బాగా ఫలించినట్లు గమనించారు. అయితే ప్రతిదేహాలు అన్ని బంధాలనూ గుర్తించలేవు. మాస్ స్పెక్ట్రోమెట్రీ ఈ లోటును రెండు విధాల పూరించింది. ఒక పద్ధతిలో డీఎన్‌ఏను అత్యుష్ణ ఆర్గాన్ ప్లాస్మాలో పరమాణువులుగా విడగొట్టి, ప్లాటినాన్ని మాత్రమే లెక్కిస్తారు. అది ఏ రూపంలో బంధించిందో తెలియదు. రెండో పద్ధతిలో ఎంజైములతో డీఎన్‌ఏను ముక్కలు చేసి, గ్వానీన్ జంటను పట్టిన ముక్కనే వేరుచేస్తారు. భారమైన నైట్రోజన్‌తో తయారైన అదే ముక్కను తెలిసిన పరిమాణంలో ముందుగా కలిపి, దానితో పోల్చి తూచుతారు. కోట్ల న్యూక్లియోటైడ్ల మధ్య అరుదుగా కనిపించే ముద్రలను లెక్కించడానికి ఇంత జాగ్రత్త అవసరం.

ఆ తరువాత కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల, డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో మెట్టు ఎక్కారు. సిస్‌ప్లాటిన్‌కు సోదర ఔషధమైన కార్బోప్లాటిన్‌ను కార్బన్-14తో గుర్తించి, చికిత్స మోతాదులో దాదాపు నూరవ వంతే ఇచ్చి, డీఎన్‌ఏకు అంటిన మందును యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీతో లెక్కించారు. అసలు చికిత్సకు ముందే దాని ఫలితాన్ని ఊహించగలమా అన్నది వారి ప్రశ్న.

రక్తకణంలోని ముద్ర కణితిలోని ముద్రకు నమ్మకమైన సాక్షి కాగలదా అన్నది ఈ కొలతలన్నిటికీ అసలు పరీక్ష. అది నెగ్గిననాడు, ఫలించని మందు బాధను రోగికి ముందే తప్పించవచ్చు.