అక్షరము నిలిచె, చిత్రము జారె

గ్రంథమునకు ప్రతి వ్రాయుట యెంత ప్రాచీనమో, ఆ ప్రతిలో చిత్రము జారిపోవుటయు నంత ప్రాచీనము. తాటాకుపై గంటము పట్టిన లేఖకుడు మూలమును అక్షరము వెంట అక్షరముగా దింపుకొనగలడు. మూలమున నొక బొమ్మ యున్నచో దానిని దింపుటకు వేరొక చేయి కావలెను. ఆ చేయి దొరకనిచో ప్రతి చిత్రహీనముగనే పుట్టును. ఈ లోపము తాటాకుతో అంతరింపలేదు. నేడు కంప్యూటరులో వెబ్ పేజీని పి.డి.ఎఫ్.గా మార్చువారికిని ఇదియే యెదురగుచున్నది. కావున ఈ సమస్యకు గల పూర్వచరిత్రను కొంత మనవి చేయుదును.

శాసనముల సంగతి మొదట చూతము. దానశాసనము చెక్కిన రాతిపై సూర్యచంద్రుల రూపములు సామాన్యముగా నుండును. దానము ఆచంద్రార్కముగా నిలువవలెనని వాని భావము. మన నెల్లూరు జిల్లా శాసనములను బట్టర్‌వర్తు, వేణుగోపాలసెట్టి యను నిరువురు సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. వారి శ్రమ కొనియాడదగినది. అయినను ఏ శాసనసంపుటము తెరచినను పాఠమే ప్రధానము. “ఆచంద్రార్కము” అను మాట అచ్చున దిగును, చంద్రుడును సూర్యుడును రాతిమీదనే మిగిలిపోవుదురు.

ఇంతకంటె పెద్ద యుదాహరణము మెకంజీదొర సేకరణము. కాలిన్ మెకంజీ స్కాట్లండు దేశీయుడు. 1783లో ఈ దేశమునకు వచ్చి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరలు అయ్యెను. అతనికి కుడిభుజమైనవాడు ఏలూరికి చెందిన కావలి వెంకట బొర్రయ్య. 1803లో బొర్రయ్య గతింపగా అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని నడపెను. వీరి మనుష్యులు ఊరూర తిరిగి, కరణముల కవిలెలు చూచి, పెద్దలు చెప్పినది విని, కైఫియతులు వ్రాయించిరి. వ్రాయువారు వ్రాయుచుండగా చిత్రకారులు వేరుగా గుళ్లను, శిల్పములను చిత్రించిరి. మెకంజీ 1816లో మరల అమరావతికి వచ్చి, స్తూపశిలల చిత్రములను తన చిత్రకారులచే వ్రాయించెను. ఆ శిలలలో కొన్ని తరువాత మరి కానరాలేదు. ఆ చిత్రములే వానికి మిగిలిన యాధారము.

1821లో మెకంజీ మరణించెను. అతని భార్యకు లక్ష రూపాయలిచ్చి కంపెనీవారు సేకరణమంతయు కొనిరి. ఆ తరువాత జరిగినదే మనకు ముఖ్యము. దక్షిణదేశ భాషలలోని వ్రాతలు మదరాసునకు చేరెను. పటములు, చిత్రములు లండనుకు పోయెను. బ్రౌనుదొర శిథిలమగుచున్న కైఫియతులను తిరిగి వ్రాయించి సంపుటములు కట్టించెను. అది మన భాషకు చేసిన మహోపకారము. కాని అతని లేఖకుల యెదుట నున్నది వ్రాత మాత్రమే. సముద్రములకు ఆవల నున్న చిత్రమును వారెట్లు దింపుకొందురు? వారి లేఖనమున దోషము లేదు. చిత్రము చేతికి అందు చోట లేదు, అంతే.

వెబ్ పేజీ కథ సరిగా నిట్టిదే. జినీవాలోని సెర్న్ సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ కల్పించిన వెబ్ తొలుత అక్షరమయము. పేజీలో చిత్రమును చూపు ఇమేజ్ ట్యాగును 1993లో మార్క్ ఆండ్రీసెన్ ప్రతిపాదించెను. మొజాయిక్ బ్రౌజరు దానిని లోకమునకు చూపెను. విచిత్రమేమనగా, అడోబీవారి పి.డి.ఎఫ్. వెలువడినదియు 1993లోనే. ఈ రెంటి స్వభావములు వేరు. పి.డి.ఎఫ్. కుట్టి అట్ట వేసిన పుస్తకము. చిత్రము దాని కడుపులోనే యుండును. వెబ్ పేజీలో చిత్రము ఉండదు, చిత్రపు చిరునామా మాత్రముండును. బ్రౌజరు ఆ చిరునామాకు పోయి బొమ్మను తెచ్చి మనకు చూపును. మార్చెడి ప్రోగ్రాము అట్లు పోయి తేనిచో, బొమ్మ యుండవలసిన చోట ఖాళీ గడి మిగులును.

పోయినను దొరకకుండుటకు కారణములు కలవు. చిరునామా అసంపూర్తిగా నుండుట మొదటిది. “బొమ్మల సంచిలోని పడవ” అని మాత్రము వ్రాసియుండును. ఏ యింటి సంచియో చెప్పదు. ఊరిపేరు లేని ఉత్తరము వంటిది. పైథాన్ భాషలో వ్రాయువారు వాడు వీజీప్రింట్ అను సాధనమునకు ఇందుకే మూలచిరునామాను వేరుగా తెలుపవలెను. రెండవది, పాఠకుడు క్రిందికి జరుపుకొని వచ్చువరకు బొమ్మను తేకుండ నిలిపియుంచు పద్ధతి. అట్టిచోట పేజీని చివరివరకు జరిపి, బొమ్మలన్నియు వచ్చువరకు ఆగి, పిమ్మట పి.డి.ఎఫ్. చేయుమని ఆజ్ఞాపింపవలెను. 2017లో గూగులువారు విడుదల చేసిన పపెటీర్ ఈ పని చేయగలదు. ఆ పేరునకు బొమ్మలాడించువాడని యర్థము. తోలుబొమ్మలాట నెరిగిన మన జిల్లావారికి ఈ పేరు నచ్చకపోదు. నేపథ్యముగా వేసిన బొమ్మలను అదియు తనంతట అచ్చువేయదు, అడిగి వేయించుకొనవలెను. బొమ్మనే అక్షరముల వరుసగా మార్చి పేజీలో పొదుగు డేటా యు.ఆర్.ఎల్. అను పద్ధతి 1998లో ప్రమాణమైనది. పొదిగిన బొమ్మ పరిమాణము ఇంచుమించు మూడవవంతు పెరుగును. ఆ బరువును మోయుట మేలని నా యభిప్రాయము.

ఇదంతయు కంప్యూటరువారి గొడవ, గ్రంథాలయమునకేల యందురా? గ్రామలెక్కలు ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. రిజిస్టరులో సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు ఉండును. గట్టు తగవు వచ్చిననాడు మాత్రము కొలతల పుస్తకములోని ఆ నంబరు పటమును తెరువవలసినదే. పటము లేని రిజిస్టరు ఎంత భూమియో చెప్పును, ఎక్కడినుండి ఎక్కడికో చూపదు.

మన జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బరు 2024లో ప్రారంభమైనది. ఆ వార్తలును, చిత్రములును వెబ్ పేజీలలో వచ్చినవి. రేవు కట్టకముందు మన తీరమెట్లుండెనో రేపటి పిల్లలకు తెలుపునది వ్రాతకంటె చిత్రమే. ఆ పేజీలు శాశ్వతములు కావు. 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవు దాచిన పాత పేజీలలో సైతము వ్రాత నిలిచి బొమ్మ లేని గడులు కనబడుట కద్దు. కావున మన గ్రంథాలయమున ఇట్టి ప్రతులు చేయు యువకులు ఈ పని విధిగా చేయవలెను: పి.డి.ఎఫ్. సిద్ధమైన పిమ్మట ఇంటర్నెట్టు తీసివేసి దానిని తెరచి, మూలములోని చిత్రములను, ప్రతిలోని చిత్రములను లెక్కపెట్టి రెండంకెలను పుస్తకమున వ్రాయవలెను. అంకెలు కలియనిచో, మూలము ఇంకను తెరుచుకొనుచుండగనే మరల ప్రతి తీయవలెను.