మాలరీ చూసిన గులాబీ ముద్ద

కాలేయపు ముక్కను పల్చగా కోసి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే, ఒక్కోసారి ఉబ్బిన కణంలో కేంద్రకం పక్కనే గులాబీ ముద్ద ఒకటి కనబడుతుంది. గుండ్రంగా ఉండదు. చిక్కుపడ్డ నూలుపోగులా వంకరటింకరగా ఉంటుంది. చుట్టూ న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు మూగితే పాథాలజిస్టు ఇట్టే పోల్చుకుంటారు.

1911లో దీన్ని వర్ణించినవాడు బోస్టన్ సిటీ హాస్పిటల్‌లోని ఫ్రాంక్ బర్ మాలరీ. కణజాలానికి రంగులు వేయడంలో దిట్ట. ఆయన పేరిట ట్రైక్రోమ్ రంగే ఉంది. తాగుడు వల్ల వచ్చిన సిరోసిస్‌లో చూశాడు కాబట్టి 'ఆల్కహాలిక్ హయలిన్' అన్న పేరు పడిపోయింది. ఆ ముద్ద కనబడితే చాలు, అనుమానం సీసా మీదికే పోయేది.

దానికి గట్టి ఎదురుసాక్ష్యం మన దేశపు పసిపిల్లల్లోనే ఉంది. పొట్ట ఉబ్బి, కాలేయం రాయిలా గట్టిపడి, ఏడాది రెండేళ్ల పిల్లల ప్రాణాలు తీసిన 'ఇండియన్ చైల్డ్‌హుడ్ సిరోసిస్' స్లైడ్లలో ఇవే ముద్దలు కుప్పలుగా ఉండేవి. వాళ్లేం తాగారు? పాలు! ఆర్సియిన్ రంగు వేస్తే కణాల నిండా ముదురు గోధుమరంగు గింజలు తేలేవి. అది పేరుకున్న రాగి ఆనవాలు. కళాయి లేని ఇత్తడి గిన్నెల్లో కాచి నిలవుంచిన పాలలోకి రాగి దిగుతుంది, పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. ఇత్తడి పాలగిన్నెల మీద 1983లో లాన్సెట్‌లో వ్యాసం వచ్చింది. వంశపారంపర్యం పాత్ర ఎంతన్న వాదన తెగలేదు గానీ, వంటింట్లోకి స్టీలు వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది.

1980లో మేయో క్లినిక్‌లో యుర్గెన్ లుడ్విగ్ బృందం, తాగుడు అలవాటు లేని 20 మంది కాలేయాల్లో తాగేవాళ్లలో కనబడే మార్పులే చూపింది. వాళ్లలో ఎక్కువమంది స్థూలకాయులు. ఆ జబ్బుకు 'నాష్' (నాన్-ఆల్కహాలిక్ స్టీటోహెపటైటిస్) అని పేరు పెట్టింది లుడ్విగే. 'నేను ముట్టనండీ' అన్న రోగి మాటకు అప్పటికి గానీ విలువ రాలేదనిపిస్తుంది.

ముద్దలో ఏముందో తేల్చడానికి ఎలుకలు పనికొచ్చాయి. తామరకు వాడే గ్రిసియోఫుల్విన్ తినిపించి, 1975లో హెల్ముట్ డెంక్ బృందం చిట్టెలుకల కాలేయాల్లో వీటిని పుట్టించింది. కణానికి ఆకారం నిలబెట్టే కెరటిన్ 8, 18 పోగులు వంకరపోయి, యుబిక్విటిన్, పీ62 అనే ప్రోటీన్లు అంటుకుని గడ్డకట్టినవే ఇవి. 2007లో మాలరీ-డెంక్ బాడీలు అయ్యాయి.

చిన్న ముద్దలు ఇయోసిన్‌కు దొరక్కపోతే పీ62 ఇమ్యూనో స్టెయిన్ వేస్తారు. దొరికాక కొవ్వుందా, రాగి ఉందా, పిత్తనాళాలు దెబ్బతిన్నాయా అని మిగతా స్లైడంతా వెతుకుతారు.