స్థావరకణము జంగమమైన వృత్తాంతము

చర్మమునకు పైపొరయై, ప్రేగులకు లోపొరయై, ఇరుగుపొరుగు కణములతో గట్టిగా పెనవేసికొని ఆధారత్వచముపై కదలక నిలుచు ఉపకళాకణము, పిండదశలో తగిన ఘడియ వచ్చినంతనే ఆ బంధములను త్రెంచుకొని, ఆకారము మార్చుకొని దూరప్రయాణమునకు బయలుదేరునన్న సంగతిని కోడిపిండములయందు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, 1960వ దశకమున విస్పష్టముగా వర్ణించినవారు హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన ఎలిజబెత్ హే. ఇది పిండమునకే చెల్లునని తలచువారికి సమాధానమా యన్నట్లు, 1982లో ఆమెయు గ్యారీ గ్రీన్‌బర్గును ఎదిగిన ప్రాణి కంటికటకపు ఉపకళను సైతము కొల్లాజెన్ జెల్లులో నిలిపి, అందలి కణములు సాగి, విడివడి, సంచరించుటను చూపిరి. వారు చూచినది కార్యము. కారణమింకను మరుగుననే యుండెను.

దానిని వెదకుటకు కోడి చాలదు, ఈగ కావలసివచ్చినది. 1980వ దశకపు పూర్వార్ధమున క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ ప్రభృతులు పండ్లయీగల జన్యులోపములను గాలించిన కాలమున, స్నెయిల్ అను జన్యువు చెడిన పిండమునకు మధ్యత్వచమే ఏర్పడదని తేలెను. 1994లో ఆంజెలా నియెటో బృందము దానికి దాయాదియైన స్లగ్‌ను కోడిపిండమున అణచగా, నాడీశిఖరకణములు స్థానము విడువలేకపోయినవి. మరొకవైపు, ఉపకళాకణములను ఒండొంటికి అంటించియుంచు ప్రోటీను ఈ-కాథెరిన్ అని జపానులో మసతోషి టకేచీ మొదలగువారు అంతకుముందే నిరూపించియుండిరి.

ఈ రెండు పాయలును 2000 సంవత్సరమున స్పెయినులో సంగమించెను. మాడ్రిడ్‌లో అంపారో కానో, నియెటోల బృందమును, బార్సిలోనాలో ఆంటోనియో గార్సియా దె హెరెరోస్ బృందమును ఒకే పత్రికయందు ప్రకటించినదేమనగా, స్నెయిల్ ప్రోటీను ఈ-కాథెరిన్ జన్యువు మొదటిభాగమందలి ఈ-బాక్సులు అను పొట్టి డి.ఎన్.ఏ. వరుసలను పట్టుకొని ఆ జన్యువును పనిచేయనీయదని. కుక్క మూత్రపిండమునుండి తెచ్చి ప్రయోగశాలలలో పెంచుచున్న కణములలో స్నెయిల్‌ను చొప్పింపగా, అవి చెదరి, సాగి, చొచ్చుకొనిపోవు స్వభావమును పొందెను. నాకు మిక్కిలి రమ్యముగా తోచునది ఇదే: ఈ నియంత్రకము కణమునకు నడక నేర్పుటకు మున్ను, దానిని నిలిపియుంచిన జన్యువును అణచుచున్నది.

పిదప అట్టివే యగు నియంత్రకములు జెబ్-1, జెబ్-2, ట్విస్ట్ వరుసకట్టెను. 2004లో రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాలనుండి జింగ్ యాంగ్, ట్విస్ట్‌ను అణచినచో ఎలుకల రొమ్ముకణితి ఊపిరితిత్తులకు వ్యాపించుట తగ్గునని చూపగా, పిండశాస్త్రము క్యాన్సరువైద్యుల గుమ్మము త్రొక్కినది. 2008లో మిఆర్-200 అను సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.లు జెబ్‌ను, జెబ్ వానిని పరస్పరము అణచుకొనునని తెలియుటతో, సంచారి కణము తిరిగి స్థావరమగు మార్గమును కొంత బోధపడెను.

ఈ నియంత్రకములే క్యాన్సరు వ్యాప్తికి మూలమను ఉత్సాహము హద్దు మీరినదనియు చెప్పవలెను. 2015లో ఎలుకల క్లోమక్యాన్సరునందు స్నెయిల్‌నో ట్విస్ట్‌నో తొలగించినను వ్యాప్తి ఆగలేదు, మందునకు లొంగుట మాత్రము హెచ్చినది. 2017లో అదే క్యాన్సరునందు జెబ్-1ను తొలగింపగా వ్యాప్తియు తగ్గినది.