శ్రీకారం, స్వస్తి, మంగళం: ఆరంభ సమాప్తి జాతీయాలలో క్రియాపద సాక్ష్యం

తెలుగులో ఒక పని మొదలైందని చెప్పడానికి శ్రీకారం చుట్టారనీ, నాంది పలికారనీ అంటారు. అదే పని ఆగిపోతే స్వస్తి చెప్పారనీ, మంగళం పాడారనీ, తిలోదకాలిచ్చారనీ అంటారు. నాళము కృష్ణరావు ‘తెలుగు జాతీయములు’ వంటి సంకలనాల వల్ల ఇటువంటి పలుకుబడుల అర్థాలు స్థిరపడ్డాయి. పుట్టుక విషయంలో మాత్రం వివరణలు ఎక్కువగా నామపదం దగ్గరే ఆగిపోతాయి. వ్యుత్పత్తి చెప్పి, వీలైతే ఒక కథ జోడించి ముగుస్తాయి. ఈ జాతీయాలలో చరిత్రను భద్రంగా దాచుకున్నది క్రియాపదం. చుట్టడం, పలకడం, పాడడం, ఇవ్వడం ఒకప్పుడు చేతితోనో నోటితోనో నిజంగా చేసిన పనులు.

‘శ్రీకారం చుట్టు’ లేఖన సంప్రదాయానికి చెందినది. కావ్యమైనా ఉత్తరమైనా లెక్కల పుస్తకమైనా ముందు ‘శ్రీ’ ఉండాలన్నది ఆచారం; నన్నయ భారతావతారికలోని తొలి సంస్కృత శ్లోకమూ శ్రీకారంతోనే ఆరంభమవుతుంది. అయితే శ్రీకారాన్ని ‘రాయడం’ అనక ‘చుట్టడం’ అనడమెందుకు? తెలుగు లిపిలో ఈ అక్షరానికి క్రావడి ఉంది. అది అడుగున మొదలై ఎడమవైపు నుంచి అక్షరాన్ని చుట్టివస్తుంది. సున్నకూ ఇదే క్రియ వాడతారు: పరీక్షలో సున్న చుట్టాడంటారు. గుండ్రని గీతను లాగే చేతి కదలికే ఈ క్రియలో నిలిచిపోయింది. కన్నడంలో శ్రీకారాన్ని ‘హాకు’తారు, అంటే వేస్తారు. తమిళంలో రాతకు ముందు వేసే వినాయక చిహ్నానికి ‘పిళ్ళైయార్ సుళి’ అని పేరు. అక్కడ సుడి తిరిగే గీత నామపదంలోనే ఉంది.

‘ఓనమాలు దిద్దు’ కూడా ఇటువంటిదే. గురువు రాసిన అక్షరం మీద పిల్లవాడు మళ్ళీ మళ్ళీ వేలు పోనివ్వడం దిద్దడం. ‘ఓం నమః శివాయ, సిద్ధం నమః’ అన్న అక్షరాభ్యాస వాక్యంలోని రెండో భాగాన్ని జైన విద్యాసంప్రదాయపు జాడగా భావించే పరిశోధకులున్నారు. ఆ వాదం వేరే వ్యాసానికి తగినంత పెద్దది.

‘నాంది’కి ఇద్దరు హక్కుదారులున్నారు. ఒకటి సంస్కృత నాటకం ఆరంభంలో పఠించే శ్లోకం. మరొకటి శుభకార్యాలకు ముందు పితృదేవతలనుద్దేశించి చేసే నాందీశ్రాద్ధం. రెండూ ఆరంభంలోవే కనుక అర్థాన్ని బట్టి తేల్చడం కుదరదు. కాని శ్రాద్ధం పెట్టేది, శ్లోకం పలికేది. జాతీయంలో ఉన్నది ‘పలుకు’ కాబట్టి రంగస్థలం వైపే మొగ్గు చూపడం సమంజసం.

అన్నిటికన్నా చిక్కైనది ‘స్వస్తి’. ‘సు’, ‘అస్తి’ కలిసి క్షేమాన్ని చెప్పే ఈ మాట శాసనాలలో తరచుగా మొట్టమొదటి మాట. నేటికీ తెలుగు పెళ్ళి శుభలేఖ ‘స్వస్తిశ్రీ చాంద్రమాన’ అంటూ మొదలవుతుంది. అంతటి ఆరంభ పదం వ్యవహారంలో ముగింపు ఎలా అయింది? పూజానంతరం, పురాణపఠనం తరువాత లోకక్షేమం కోరుతూ చదివే ప్రసిద్ధ ఆశీశ్శ్లోకానికి మొదటి మాట కూడా స్వస్తే. అది వినిపించిందంటే సభ లేవబోతున్నదని శ్రోతలకు తెలుసు. జాతీయం శాసన సంప్రదాయం నుంచి వచ్చి ఉంటే ‘స్వస్తి రాయు’ అనో ‘స్వస్తి చెక్కు’ అనో ఉండవలసింది. చెప్పడం, పలకడం అనే క్రియలు దాని మూలాన్ని మౌఖిక ఆశీర్వాదంలో చూపిస్తున్నాయి. ఇందుకు విలోమమైన ఉదాహరణ హిందీలో ఉంది. గ్రంథాంత గద్యలో వచ్చే ‘ఇతి శ్రీ’ అక్కడ సమాప్తికి పర్యాయమైంది. తెలుగులో పని మొదలుపెట్టే శ్రీ హిందీలో పని ముగిస్తుంది!

‘మంగళం పాడు’ విషయంలో క్రియకు వివరణ అక్కరలేదు. హరికథ, యక్షగానం, భజన, కచేరీ అన్నీ మంగళంతోనే ముగుస్తాయి. గమనించవలసింది మంగళకరమైన మాట అంతాన్ని సూచించడం. తెలుగు ఇళ్ళలో ఈ మర్యాద పాతదే. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. వెళ్ళే మనిషి కూడా వెళ్తాననక వెళ్ళొస్తానంటాడు. మంగళం ఈ కుటుంబానికి చెందినదే, కాని దాని గతి వేరైంది. పథకానికి మంగళం పాడారన్నప్పుడు అశుభ పరిహారం ఏమీ లేదు, ఉన్నది ఎత్తిపొడుపు. ‘నిండుకొను’ మాత్రం వంటింట్లో ఉండిపోవడం వల్ల కాబోలు, తన మర్యాద కోల్పోలేదు.

‘ఉద్వాసన’లో ఎత్తిపొడుపు మరింత పదునైనది. ఆవాహన చేసిన దేవతను పూజానంతరం స్వస్థానానికి సాగనంపడం ఉద్వాసన. వినాయక చవితి మట్టి ప్రతిమకు ఉద్వాసన చెప్పిన తరువాతే నిమజ్జనం. అంత గౌరవంతో కూడిన వీడ్కోలు ఉద్యోగిని తొలగించడానికి పేరైంది. తిలోదకాలలో మర్యాదకు చోటే లేదు: నువ్వులు, నీళ్ళు చనిపోయినవారికి విడిచేవి. సిద్ధాంతాలకు తిలోదకాలిచ్చాడంటే, అవి అతని వరకు చనిపోయాయని అర్థం. హిందీ, కన్నడాలలోని ‘తిలాంజలి’ కూడా ఈ అర్థంలోనే వాడుకలో ఉంది. ‘ఆ డబ్బుకు నీళ్ళు వదులుకో’ అన్న మాటను దీనికి చుట్టంగా చూడడం సులువే. కాని దానం చేసేటప్పుడూ నీటిధార విడుస్తారు. పోయిన డబ్బు విషయంలో దానధారే దగ్గరి పోలిక.

పత్రికల భాషలో ఇప్పుడు ‘పలుకు’ తక్కిన క్రియలను తోసివేస్తున్నది. స్వస్తి, నాంది ఎలాగూ పలికేవే. ‘ఉద్వాసన చెప్పు’ క్రమంగా ‘ఉద్వాసన పలుకు’ అయింది. ‘మంగళం పలికారు’ అన్న శీర్షికలూ కనిపిస్తున్నాయి. పాట పోయి మాట మిగిలింది. నామపదం కింద మాత్రమే ఆరోపాలు కూర్చే నిఘంటువులు ఈ మార్పును పట్టుకోలేవు. ప్రయోగాలను క్రియతో సహా, కాలక్రమంలో సేకరించాలి. శ్రీకారం ఒక్కటే ఇంకా చుట్టబడుతున్నది, చుట్టే చేతులు కీబోర్డుకు మారినా.