తెలంగాణమున వెట్టిచాకిరి తొలగిన విధము

నేడు నేను ప్రసంగింపదలచిన విషయము మన పెద్దలు కొందరు కన్నులార చూచినదియు, మరికొందరు తండ్రితాతలవలన వినినదియు నైన చరిత్రము. రాజులు, యుద్ధములు, కోటలు గల చరిత్రము కాదు. చాకిరి చేసి కూలి నడుగుటకు నోరులేని పల్లెవారికి నోరు వచ్చిన చరిత్రము. ఇది సంపూర్ణముగ గ్రంథస్థము కాలేదు. కావున ఎరిగినవారు ఎరుగనివారికి చెప్పుచుండుట అవసరము.

ముందుగా పేరును విచారింతము. వెట్టి యను మాట సంస్కృతమునందలి విష్టిశబ్దమునకు వికృతి. కూలి లేకుండ బలవంతముగ చేయించుకొను పనికి విష్టి యని పేరు. కౌటిల్యుని అర్థశాస్త్రమునందును ఈ మాట కలదు. అమరసింహుడు తన నిఘంటువున ఈ శబ్దమును నరకవర్గమునందు యాతనా శబ్దమునకు చేరువనే పఠించినాడు. నిఘంటుకర్త యభిప్రాయ మేదైనను, వెట్టి చేసినవారు ఆ వర్గవిభాగము సరియైనదనియే చెప్పుదురు. పారసీకమున దీనికి బేగారు అని పేరు. కూలి లేని పని యని యర్థము. ఈ రెండవ పేరును జ్ఞాపకమున నుంచుకొనవలెను. ప్రసంగాంతమున దానితో మరల పని కలదు.

నిజాము రాజ్యమున పూర్వము దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు శిస్తు వసూలు చేయు నధికారులు. పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధమున మొదటి సాలార్‌జంగు మంత్రియై ప్రభుత్వమే నేరుగ శిస్తు వసూలు చేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. ఉద్యోగము పోయిన దేశ్‌ముఖులకు పరిహారముగ రుసుములు ఏర్పడెను. తరువాత భూముల కొలతలును, బందోబస్తును జరుగునప్పుడు, లెక్కల మర్మ మెరిగిన వీరిలో పెక్కుమంది రైతులు దున్నుకొను భూములను తమ పేర వ్రాయించుకొనిరి. దున్నువానికి తన పొలము పరుల పేర నెక్కినదను సంగతియే చాలకాలము తెలియదు. విసునూరు దేశ్‌ముఖు క్రింద నలువదివేల యెకరములు, సుమారు అరువది గ్రామములు ఉండెనని చెప్పుదురు. ఇంత భూమిని, ఇన్ని గ్రామములను ఒక కుటుంబము చేతిలో నిలుపుటకు సాధనము వెట్టి.

వెట్టి ఒక్క కులమునకు పరిమితమైనది కాదు. మాదిగవారు ఇంటికొక మనిషి చొప్పున గడిలో చాకిరికి పోవలెను. చెప్పులు, మోటబొక్కెనలు, పగ్గములు ఊరకనే కుట్టి యీయవలెను. ఊరినుండి ఊరికి ఉత్తరములు మోయవలెను. చాకలివారు బట్టలుతుకుటయే కాక దొరల మేనాలను, పల్లకీలను భుజమున మోసికొని పోవలెను. కుమ్మరి కుండలను, గౌడులు కల్లును, గొల్లలు గొఱ్ఱెలను, సాలెవారు బట్టలను, వడ్లవారు, కమ్మరులు సేద్యపు పనిముట్లను సమర్పింపవలెను. తహశీలుదారు గాని, పోలీసు అమీను గాని ఊరికి వచ్చినప్పుడు కోమటి తన అంగడినుండి బియ్యము, నెయ్యి, పప్పు పంపవలెను. వెల యిచ్చిన నిచ్చినట్లు, లేకున్న లేనట్లు. రైతులుసైతము దొర పొలము దున్ని, నాటు వేసినపిదపనే తమ నాగళ్లను తమ పొలమునకు త్రిప్పవలెను. వాన అదనునకు పడినను, దొర పొలము తడియువరకు తన పొలము ఎండవలసినదే. స్త్రీల పాట్లను గూర్చి సభలో విస్తరించి చెప్పనక్కరలేదు, పెద్దలు ఎరుగుదురు. ‘నీ బాంచెను దొరా, కాల్మొక్తా’ అనుట నిత్యమైన పలకరింపు. బాంచె యనగా దాసి.

దీనికి తోడుగ భాగేలా పద్ధతి యొకటి యుండెను. పెండ్లికో, చావుకో, కఱవులో తిండిగింజలకో అప్పు తీసికొన్నవాడు, అప్పు తీరువరకు ఋణదాత యింట జీతగాడుగా నుండవలెను. లెక్క వ్రాయువాడు ఋణదాత. వ్రేలిముద్ర వేయువాడు జీతగాడు. వడ్డీ పెరుగును, పని దినములు మాత్రము లెక్కకు రావు. తండ్రి చేసిన అప్పునకు కొడుకు, కొడుకు చేసిన అప్పునకు మనుమడు కట్టుబడుచుండిరి. 1929-30 సంవత్సరములలో కేశవ అయ్యంగారు హైదరాబాదు రాజ్యపు పల్లెల ఆర్థికస్థితిని విచారించి వ్రాసిన నివేదికలో భాగేలాల దుస్థితి వెల్లడియైనది. 1936 లో ప్రభుత్వము ఒక నిబంధన గావించి, ఇట్టి ఒప్పందములు వ్రాతమూలకముగ నుండవలెననియు, వానికి కాలపరిమితి యుండవలెననియు శాసించినది. కాని చదువురానివానికి వ్రాత యేమి రక్ష? శాసనము కచేరీలో నుండెను. భాగేలా కొట్టములో నుండెను.

ఇంతటి యన్యాయము ఇన్ని తరములు ఏల నిలిచినదని మనము ప్రశ్నించుకొనవలెను. జనుల పిరికితనమే కారణమనుట తొందరపాటు. గ్రామమున మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ యని ముగ్గురు అధికారులుండిరి. శిస్తు, శిక్ష, లెక్క మూడును వీరి చేతిలోనివి. వీరు ప్రాయికముగ దొర చెప్పుచేతలలోనివారు. ఊరిలో చదువ వ్రాయ నేర్చినవారు ఎందరుండిరో అందరును దాదాపుగ ఆ వైపుననే యుండిరి. ఫిర్యాదు వ్రాసిపెట్టవలెనన్నను, ఎవరిపై ఫిర్యాదో వారినే వ్రాయుమని వేడుకొనవలసిన స్థితి. వెట్టికి బలము కొరడాలో కొంత. అక్షరము ఒకవైపుననే యుండుటలో కొంత.

కావుననే ఈ యుద్యమము గ్రంథాలయములతో ప్రారంభమగుట వింత గాదు. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904 లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసెను. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన యొక సభలో తెలుగున మాటాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావుగారికి అవమానము జరుగగా, దానివలన నొచ్చిన కొందరు ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. భాషాభిమానమున పుట్టిన ఆ సంఘము త్వరలోనే చాకిరి చేయువారి కష్టములవైపు దృష్టి మరల్చినది. సంఘమునకు కార్యదర్శిగ నుండిన మాడపాటి హనుమంతరావుగారు వెట్టిని గూర్చి చిన్న పుస్తకమును ప్రకటించిరి.

ఆ పుస్తకము చేసిన పనిని గమనింపుడు. అందు తిరుగుబాటు మాట లేదు. ఉద్యోగులు పర్యటించునప్పుడు పని చేసినవారికి కూలియు, సరకు లిచ్చినవారికి వెలయు చెల్లింపవలెనని ప్రభుత్వమే గస్తీలను, అనగా ఉత్తరువులను, వెలువరించి యుండెను. అవి ఉర్దూలో కచేరీల బీరువాలలో నుండెను. వానిని తెలుగున పల్లెల కందించుటయే సంఘము చేసిన పని. తాను చేయు చాకిరికి ధర్మము లేదని మొరపెట్టుకొనుట వేరు; తనచే ఊరక చేయించుకొనువాడే సర్కారు ఉత్తరువును మీరుచున్నాడని తెలిసికొనుట వేరు. మొదటిది దీనాలాపము, రెండవది హక్కు. 1922 లో నల్లగొండనుండి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తినుండి తెనుగు పత్రికయు వెలువడెను. 1926 మే 10వ తేదీన సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక ప్రారంభమైనది. వీనివలన పల్లెల వార్తలు పట్టణమునకును, పట్టణపు వార్తలు పల్లెలకును చేరసాగెను.

ఆ దినములలో సభ జరుపుట సులభము కాదు. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ప్రకారము ముందుగా అనుమతి లేక సభ కూడరాదు. అట్టి స్థితిలో 1930 లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. ఆ పిదప దేవరకొండ, ఖమ్మము, సిరిసిల్ల, షాద్‌నగరు మొదలగు తావుల మహాసభలు జరిగెను. తీర్మానములు, విన్నపములు వీని మార్గము. దీనివలన కొంత మేలు కలిగినదనుట సత్యము. కాని విన్నపము వ్రాయగలవాని కష్టము ముందు తీరును. వ్రాయలేనివాని కష్టము వెనుకబడును. ఈ లోటును సభలోని యువకులు గుర్తించిరి. 1941 లో చిలుకూరునను, 1944 లో భువనగిరిలోను రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి. భువనగిరి సభతో మహాసభ రెండుగ చీలినది. సభ్యత్వపు రుసుము తగ్గింపబడగా కూలివారు, చిన్నరైతులు సంఘమున చేరిరి. పల్లెవారు దానిని ‘సంఘము’ అనియే పిలిచిరి. అంతవరకు అప్పుపత్రముపై మాత్రమే తన పేరు వ్రాయబడి యుండిన మనిషికి, సంఘపు పట్టికలో సమానులతోపాటు తన పేరు చేరుట సామాన్యమైన సంగతి కాదు.

ఇచట పాలకుర్తి గ్రామపు చిట్యాల ఐలమ్మగారిని స్మరింపవలెను. ఆమె చాకలి కులమున పుట్టిన గృహిణి. కౌలుకు భూమి తీసికొని కుటుంబముతో సాగు చేయుచుండెను. సంఘమున చేరినందున విసునూరు దేశ్‌ముఖునకు ఆగ్రహము కలిగినది. పొలము తనదని చెప్పి, పండిన పంటను కోసికొని తెచ్చుటకు ఆయన మనుష్యులను పంపెను. సంఘ కార్యకర్తలు ఆమెకు బాసటగ నిలిచి, ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. కేసులు వచ్చెను, ఇల్లు దోపిడికి గురియైనది, ఆమె మాత్రము భూమిని విడువలేదు. ఒక చాకలి స్త్రీ పంట దొర గాదెకు పోక ఆమె యింటికే చేరినదను వార్త చుట్టుప్రక్కల గ్రామములకు ఏ పత్రికకన్నను వేగముగ ప్రాకినది. ఆమె 1985 లో కీర్తిశేషురాలైనది. హైదరాబాదునందలి మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరిడుటకు 2024 లో ప్రభుత్వము నిశ్చయించినది.

1946 జూలై 4వ తేదీన కడవెండి గ్రామమున సంఘమువారు ఊరేగింపుగ పోవుచుండగా దేశ్‌ముఖు మనుష్యులు తుపాకులు కాల్చిరి. దొడ్డి కొమరయ్య యను యువకుడు మరణించెను. ఆ వార్తతో జనులు ఒక ఊరినుండి మరియొక ఊరికి కదలి, ఇకమీదట వెట్టి లేదని ఎవరికి వారే చాటుకొనిరి. అంతవరకు గస్తీలు చేయలేని పనిని, ఊరంతయు ఒకే దినమున ‘రాము’ అని పలికిన పలుకు చేసినది. ఒక్కడు రాననిన దెబ్బలు తినును. అందరును రామనిన దొర మేనా వాకిటనే యుండును. తరువాత రజాకార్ల యాగడములు, సాయుధ పోరాటము, 1948 సెప్టెంబరు 17వ తేదీన నిజాము లొంగుబాటు జరిగెను. పోరాటము 1951 అక్టోబరువరకు సాగినది. దాని తుది ఘట్టమును గూర్చి పెద్దలలో భిన్నాభిప్రాయములు కలవు. రెండు వైపులను ప్రాణనష్టము విస్తారముగ జరిగినది. అయినను వెట్టి మరల మునుపటివలె నిలువలేదన్న విషయమున భేదాభిప్రాయము లేదు.

1949 లో జాగీరులు రద్దయ్యెను. 1950 లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చెను. అదే సంవత్సరము జనవరి 26న అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము తన 23వ అధికరణమున బలవంతపు చాకిరిని నిషేధించినది. నేను మొదట జ్ఞాపకముంచుకొను డనిన బేగారు శబ్దము అచ్చట అట్లే ప్రయుక్తమైనది. పల్లెవాని బాధకు పల్లెలో వాడిన పేరే దేశపు మూలశాసనమునకు ఎక్కినది.

1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ఇంకొక అడుగు ముందునకు వేసినది. అందు ‘ఒప్పందము’ అను పదమునకు వివరణ గలదు. కొన్ని విధములైన చాకిరులలో పత్రము లేకున్నను ఆచారమును బట్టి అప్పు ఒప్పందము ఉన్నట్లే భావింపవలెనని చెప్పి, వాని పేర్ల నొక పట్టికగ నిచ్చిరి. ఆ పట్టికలో భాగేలా, జీతా, పాలేరు, వెట్టి యను మన మాటలు కలవు. పత్రము లేదు గనుక వెట్టియే లేదని తప్పించుకొను దారి ఇట్లు మూసివేయబడినది. ఆ చట్టముతో అట్టి అప్పులుసైతము రద్దయ్యెను.

చట్టము వచ్చినంతమాత్రమున పని ముగిసినదనుకొనరాదు. 1978 లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల కూలివారు వెట్టికిని, అక్రమ వసూళ్లకును ఎదురు నిలువవలసి వచ్చెను. ప్రభుత్వము ఆ ప్రాంతములను కల్లోలిత ప్రాంతములుగ ప్రకటించెను. చట్టము పుట్టి రెండేండ్లైనను అచ్చట దాని వెలుగు సోకలేదన్నమాట. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధిహామీ పథకము ప్రారంభమైన పిదప, మన ప్రాంతమున సామాజిక తనిఖీ యను పద్ధతి నడచినది. ఎవరు ఎన్ని దినములు పనిచేసిరి, ఎంత కూలి చెల్లినది యను లెక్కలను గ్రామసభలో పైకి చదివి వినిపించుట దాని సారము. పని చేయనివాని పేర కూలి వ్రాసిన చోట్ల ఊరివారే లేచి నిలదీసిరి. పట్వారీ లెక్క నడుగ వీలులేని కాలమునుండి లెక్క నెల్లరు వినునంతవరకు మన పల్లె ఎంత దూరము నడచినదో దీనినిబట్టి తెలియును.

ఈ ప్రసంగమును వినువారిలోను, చదువువారిలోను పెక్కురు అక్షరజ్ఞులైన గ్రామపెద్దలు. ఆనాడు అక్షరము వచ్చినవారిలో అధికులు గడివైపున నిలిచిరి. కొందరు మాత్రము గస్తీని తెలుగున చదివి వినిపించిరి. ఆ కొందరివలననే మార్గ మేర్పడినది. నేడును ఇటుకబట్టీలకు వలసపోవు కూలివారు బయానా పుచ్చుకొని, అందు వ్రాసిన దేమో తెలియకయే వ్రేలిముద్ర వేయుచున్నారు. అట్టివాడు కాగితము పట్టుకొని మీ అరుగు నెక్కినప్పుడు, పని కలదని పంపివేయక, దానిని ఆసాంతము చదివి అర్థము చెప్పుడు. అవసరమైనచో తహశీలుదారునకు అర్జీ వ్రాసి యిండు. వానితో కచేరీకి వెళ్లుడు. ఇది పెద్దరికమునకు తగిన పని యని నా విన్నపము. సెలవు.