సమాజవికాస శిక్షకులు

స్వాతంత్ర్యానంతరము భారతదేశమున గ్రామసేవకులకును, గ్రామసేవికలకును, బ్లాకు అధికారులకును శిక్షణ మొసంగుటకై ఏర్పడిన వృత్తివర్గము. అమెరికా దేశపు వాస్తుశిల్పి ఆల్బర్ట్ మేయర్ ప్రేరణచే 1948లో నేటి ఉత్తరప్రదేశమందలి ఇటావా జిల్లాలో ఆరంభమైన ప్రయోగము మార్గదర్శకము కాగా, 1952 అక్టోబరు 2న 55 పథకములతో దేశమంతట సమాజవికాసోద్యమము ప్రారంభింపబడినపుడు, పల్లెకు సొమ్ముతోపాటు రైతుచెంత కూర్చుండి అతని మాట వినగల మనుష్యుడును కావలెనని తోచి, అట్టివానిని తీర్చిదిద్దువారి యావశ్యకత కలిగెను.

వ్యవసాయము, పశుపోషణము, పారిశుధ్యము, సహకారము ఇత్యాదులన్నియు శిక్షకుడు నేర్పవలసినవే. జపాను పద్ధతి వరిసాగును బోధించువాడు పంచె యెగగట్టి, బురదమడిలో దిగి, గట్టునుండి గట్టుకు తాడు లాగి, సమదూరమున నారు నాటి చూపవలెను. నల్లబల్లపై గీచిన బొమ్మను నమ్మి నాట్లు వేసిన రైతు ఉండెనా యనుట సందేహమే. ఇక కులభేదముచే విడివడిన వాడలను ఒక్క చెట్టు నీడకు రప్పించు విద్య పుస్తకములవలన అబ్బునది కాదు.

సమాజవికాసమునకై 1958లో ముస్సోరీయందు నెలకొల్పబడిన కేంద్రసంస్థ పిమ్మట హైదరాబాదునకు తరలివచ్చి, రాజేంద్రనగరమున స్థిరపడి, 1977లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ యను పేరు దాల్చెను. ఇటీవలి కాలమున తెలుగునాట పొదుపు సంఘముల స్త్రీలే, పట్టభద్రులు కాకున్నను, బీహారు మొదలగు రాష్ట్రముల పల్లెలకు శిక్షకురాండ్రై వెడలిరి.